తూకం వేయని కారు

సుంకులమ్మ, పోటీకి దిగబోయే పెట్రోలు కారును ఆ ఉదయం మూడోసారి తూకం వేయించింది. వెయ్యీ రెండు వందల పన్నెండు కిలోలు. ట్యాంకులోంచి తీసిన ఇంధనాన్ని గాజుగొట్టంలో పోసి వెలుతురుకు పట్టి చూసింది. టైర్ల గాడుల లోతు కొలిచింది. ఇంజను మూత మీది సీలును గోటితో గీకి చూసింది. ఇవేవీ ఆమె తనకు తోచి చేస్తున్నవి కావు. పోటీలకు తీర్పు చెప్పే యంత్రం నిర్ణాయిక. దాని తెర మీద అనుమానాంకం ఎటు ఎక్కువ ఉంటే అటు తనిఖీ చేయడమే సాక్షిగా ఆమె ఉద్యోగం. ఓబులేసు నడిపే ఈ కారు మీద డెబ్బై ఒకటి ఉంది. పక్క షెడ్డులోని కరెంటు కారు మీద మూడు.

"పదహైదేండ్లుగా చూస్తాండావు. ఒక్కసారన్నా నా కాడ దొంగతనం దొరికిందా?" అన్నాడు ఓబులేసు, హెల్మెట్టు చంకలో పెట్టుకుని. అరవై దాటినవాడు.

"నేననేది కాదు ఓబులేసన్నా. అంకె అంటాంది."

"ఆ అంకెకు నా మింద ఏం పగో."

ముప్పై ఏళ్ల కిందట ఎవరో కల్తీ ఇంధనంతో దొరికిపోయారు. నిర్ణాయిక దాన్ని మరవలేదు. ఏటా ప్రతి ట్రాక్‌లోనూ ఒకే రోజున జరిగే ఈ ఇరవై చుట్ల పోటీలో పెట్రోలు కారు కరెంటు కారు చేతిలో ఓడితే, ఆ ట్రాక్‌కు దహన అనుమతి, అంటే పెట్రోలు కార్లు నడిపే హక్కు, పోతుంది. కర్నూలు దారిలో నల్లరాళ్ల గుట్టల మధ్యనున్న ఈ ట్రాక్‌లో ఓబులేసు ఇంతవరకూ ఓడలేదు.

జెండా ఊగింది. కరెంటు కారు చప్పుడు లేకుండా ముందుకు దూకింది. అందులో వింతేమీ లేదు. నిలబడిన చోటు నుంచి ఎగిరిపోవడంలో దానికి సాటి లేదని సుంకులమ్మకు తెలుసు. కానీ పదకొండు పన్నెండు చుట్లు తిరిగేసరికి బ్యాటరీ కాగిపోతుంది, కారు తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. పెట్రోలు కారు మొదట వెనకబడినా, ఇంధనం మండే కొద్దీ తేలికై, చివరిదాకా ఒకే ఊపుతో పోతుంది. ఏటా పోటీ తేలేది అక్కడే.

ఈసారి పన్నెండో చుట్టు అయింది, పద్నాలుగు అయింది. కరెంటు కారు తగ్గలేదు. పదిహేనో చుట్టులో, తూర్పు మలుపు దగ్గర, దాని వెనక సన్నటి తెల్లటి పొగ కనిపించి మాయమైంది. పొగ కాదు, మంచులాంటిది. మే నెల ఎండలో మంచేమిటి?

కరెంటు కారు పదకొండు సెకన్ల తేడాతో గెలిచింది. సాక్షిముద్ర వేయమంది తెర. సుంకులమ్మ బొటనవేలు గాజు దాకా వెళ్లి ఆగిపోయింది.

"రూత్, నీ కారును తూకం మీదికి తీసుకురామ్మా."

కరెంటు కారును తయారుచేసిందీ, నడిపిందీ రూతే. విజయవాడ పిల్ల, ముప్పై లోపే. "మాదెందుకు మేడం? పెట్రోలు కాదుగా, బరువు మారడానికి. మా ఫారంలో పోటీ తర్వాతి బరువుకు అసలు గడే లేదు."

"మారదు కదా. మరి ఎక్కించేదానికేం?"

పొద్దున నమోదైన బరువు వెయ్యీ ఆరు వందల నలభై. ఇప్పుడు తూకం మీద వెయ్యీ ఐదు వందల తొంభై ఎనిమిది.

"టైర్లు అరిగి ఒక కిలో పోయిందనుకుందాం," అంది సుంకులమ్మ. "తక్కింది యాడికి పోయింది?"

రూత్ చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టింది. "శీతలద్రవం. బ్యాటరీ కింద తొట్టి ఉంది. వేడెక్కగానే ఆవిరైపోతుంది. వాడకూడదని నియమాల్లో ఎక్కడా లేదు మేడం."

"ఉందని చెప్పినావా?"

"లేదు. ఎవరూ అడగలేదు."

సుంకులమ్మ ఆ బరువును తెర మీద ఎక్కించబోయింది. ఈ విలువకు గడి లేదని జవాబు వచ్చింది. మరుక్షణం ఆమె పేరు పక్కన, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఒక అంకె వెలిగింది. ముప్పై ఎనిమిది.

ఓబులేసు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "రద్దని కొట్టేయి సుంకులమ్మా. అనుమతి ఇంగో ఏడాది నిలబడతాది."

అతను ఆమె కళ్లలోకి చూడడం లేదు. ఆమెకు ఇప్పుడు అతని మీద అనుమానం పుట్టింది. "మళ్లా పరిగెత్తించొచ్చు కదా. నీకేం భయమన్నా?"

"ఆ తొట్టి లేకుండా గూడా అది గెలిస్తే?"

"నాకూ అదే తెలుసుకోవాలని ఉండాది."

తొట్టి ఖాళీ చేయించింది. బ్యాటరీ చల్లారి మళ్లీ నిండడానికి రెండు గంటలు పట్టింది. ఈసారి రెండు కార్లనూ పోటీకి ముందూ తర్వాతా తూచింది. పన్నెండో చుట్టు దాకా కరెంటు కారుదే పైచేయి. ఆ తర్వాత అది మెల్లగా వాడిపోయింది. పదిహేడో చుట్టులో ఓబులేసు దాన్ని దాటి, నాలుగు సెకన్ల ముందు గీత చేరాడు.

కారు దిగి అతను తలుపుకు ఆనుకున్నాడు. "వచ్చే ఏడు నిలవలేను," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"పన్నెండు చుట్లు మేమే ముందున్నాం మేడం. తొట్టి లేకుండానే," అంది రూత్.

"అదీ రాస్తా."

రాసింది. రెండు కార్ల బరువులూ రాసింది. గడి లేదని తెర మళ్లీ తోసేసింది. గడి పెట్టందే ముద్ర వేయనని సుంకులమ్మ చేయి వెనక్కి తీసుకుంది. ముద్ర లేని ఫలితానికి కారణం చూపక తప్పదు గనక, నిర్ణాయిక ముప్పై ట్రాక్‌లకూ నోటీసు పంపింది. ఫలితం నిలుపుదల. కారణం, పోటీ తర్వాతి బరువు. ఆమె అంకె అరవై నాలుగుకు ఎక్కింది.

పావుగంటలో ఫోను మోగింది. భీమిలి ట్రాక్ సాక్షి, ఎప్పుడూ చూడని మనిషి.

"మేడం, మా పోటీ ఇప్పుడే అయిందండి. మీ నోటీసు చూసి మా కరెంటు కారునీ తూకమేయించేశానండి. యాభై మూడు కేజీలు తక్కువొచ్చింది. తెరేమో ముద్ర వేసేయమంటోంది. ఏటి చేయమంటారు?"

"నీ అంకె ఎంతుండాది?"

"ఇందాకటి దాకా ఏం లేదండి. తూకమేసినాక రెండు వచ్చింది."

"ముద్ర వద్దని చెప్పి చూడు."

అవతల తెర మీద వేలు తట్టిన చప్పుడు వినిపించింది. "నలభై అయిపోయింది మేడం," అంది ఆ గొంతు. భయపడుతోందో, నవ్వుతోందో తెలియలేదు.

"కానీలే," అంది సుంకులమ్మ. కుర్చీ లాక్కుని, ట్రాక్‌ల జాబితా ముందేసుకుంది. "ఇంగా ఇరవై ఎనిమిది మంది ఉండారు. పై సగానికి నువ్వు ఫోన్ చేయి, కింది సగానికి నేను చేస్తా."