నాలుగో బెడ్ హ్యాండోవర్

ఒసేయ్ కౌముదీ, ఉన్నావా? ఫాస్ట్‌గా కొడుతున్నా, తప్పులొస్తే నువ్వే సర్దుకో. మంగళవారం నించి కాలేజీకి ఎందుకు రావట్లేదని అడిగావుగా. చెప్తా. మధ్యలో జోకులేశావో, చంపేస్తా.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. నేను మా పైపోర్షన్ వరండాలో కూర్చుని జువాలజీ రికార్డులో కప్ప బొమ్మ గీస్తున్నా. కింద ఓనరాంటీ గిన్నెలు తోముతోంది. అమ్మ లోపల గదిలో పడుకుంది. పడుకుందంటే ఊరికే పడుకోవడమే. తొమ్మిది రోజులైంది తను నిద్రపోయి.

మా అమ్మది స్వైన్ ఫ్లూ వార్డని తెలుసుగా. ఆరు బెడ్లు. సగం మంది సిస్టర్లు సెలవు పెట్టేశారు. అమ్మకి డ్యూటీ మీద డ్యూటీ. ఓనరాంటీ మా కుళాయి కట్టేసింది, ఆటోవాళ్ళు అమ్మ తెల్లచీర చూస్తే ఆపరు. నాన్న భీమవరంలో రొయ్యల చెరువుల మీద ఉంటారు, "ఇప్పుడు రాలేనే" అన్నారు. అందుకని ఇంట్లో నేనూ అమ్మే.

నాలుగో బెడ్‌లో ఆత్రేయపురం అమ్మాయి ఒకతి ఉండేదట. ఇరవయ్యేళ్ళు. పూతరేకులు తీసే పని. కుండ వేడికి దాని వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయని అమ్మ చెప్పింది. ఆ మంగళవారానికి తొమ్మిది రోజుల ముందు, తెల్లారుజామున నీళ్ళడిగింది. "వస్తున్నానమ్మా" అని అమ్మ గోడకి ఆనుకుంది. అంతే, కన్నంటుకుపోయింది. పది నిమిషాలు.

లేచేసరికి పిల్లకి ఊపిరి లేదు.

నర్సులకో పద్ధతుందే. డ్యూటీ దిగేటప్పుడు ఒక్కో బెడ్ దగ్గరా నిలబడి, వచ్చిన సిస్టర్‌కి పేషెంట్‌ని అప్పజెప్పాలి. హ్యాండోవర్ అంటారు. ఆవిడ "తీసుకున్నాను సిస్టర్" అనేదాకా పేషెంట్ నీ మీదే. ఆ పొద్దున రావాల్సిన సిస్టర్ భయపడి రాలేదు.

"దాన్ని నేనెవరికీ అప్పజెప్పలేదే" అనేది అమ్మ. రోజుకి పదిసార్లు. డెట్టాల్‌తో కడిగి కడిగి చేతులు పగిలిపోయాయి.

మంగళవారం పొద్దున అమ్మ డ్యూటీ నించి నడిచే వచ్చింది. కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడి. వాన లేదప్పుడు. "ఎక్కడికెళ్ళావమ్మా?" అంటే "రేవులోకి దిగానే. రెండు మెట్లే" అంది. మామూలుగా, కూరగాయలకెళ్ళానన్నట్టు చెప్పింది.

ఇంకో మెట్టు దిగితే నాకు అమ్మ లేదు. అర్థమైందా నీకు?

సరే. కప్పకి కాళ్ళు గీస్తుంటే లోపల్నించి మాటలు. వెళ్ళి చూశా. కిటికీకి దుప్పటి కట్టుంది, గదంతా చీకటి, ఉక్క. అమ్మ బీరువా ఎదురుగా నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని.

"ఒకటో బెడ్, జ్వరం నూట ఒకటి. రెండో బెడ్, ఆయాసం తగ్గింది. మూడో బెడ్, రిపోర్టు రావాలి. నాలుగో బెడ్... నీళ్ళడుగుతోంది."

ఆగింది. ఎవరో జవాబు చెప్పాలన్నట్టు ఎదురుచూసింది. మళ్ళీ ఒకటో బెడ్ నించి మొదలెట్టింది. గంటన్నర. పట్టుకుని ఊపాను, ఏడ్చాను, తిట్టాను. ఆగదే! అమ్మ పెదాలు ఎండిపోయాయి.

ఇంక నాకు వేరే దారి తోచలేదు. ఆ మాటలు చిన్నప్పట్నించి వింటున్నవేగా. వెళ్ళి ఎదురుగా నిలబడ్డా.

"తీసుకున్నాను సిస్టర్. మీరెళ్ళండి."

అమ్మ భుజాలు దిగిపోయాయి. మంచం మీద అలా ఒరిగిందో లేదో గురక. తొమ్మిది రోజుల తర్వాత గురక! నవ్వొచ్చింది నాకు. డాన్స్ చెయ్యాలనిపించింది.

అప్పుడు వాసనొచ్చింది. డెట్టాల్ కాదు. మాడిన బియ్యప్పిండి... నెయ్యి...

కింద గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నా మణికట్టు మీద ఏదో ఆనింది. చల్లగా. నున్నగా. గాజులా. పల్స్ చూస్తున్నట్టు...

"కొత్త సిస్టరాండీ?"

చెవి పక్కనే. చాలా మర్యాదగా.

"కొంచెం నీళ్ళండీ..."

గదిలో ఎవరూ లేరు. నేనూ, గురకపెట్టే అమ్మా. గ్లాసుతో నీళ్ళు తెచ్చి నేల మీద పెట్టా. ఏం చెయ్యను మరి? గ్లాసు నిండుగానే ఉంది. ఐదు నిమిషాలకి మళ్ళీ... "నీళ్ళండీ..."

అప్పట్నించి నేను నిద్రపోలేదే. కన్ను మూతపడితే చాలు, అడుగుతుంది.

అమ్మ మాత్రం తెల్లారి లేచి ఉప్మా చేసింది. నవ్వింది కూడా. "నాలుగో బెడ్ అమ్మాయి..." అంటే "ఏ అమ్మాయే?" అంది. నిజంగా గుర్తులేదు. ఒళ్ళు తేలికైందని బుధవారం రాత్రే మళ్ళీ డ్యూటీకెళ్ళిపోయింది. అడ్డుపడితే "ఆరుగురున్నారే అక్కడ" అంది.

నిన్న మధ్యాహ్నం ఇంకో గొంతు. ముసలాయనది. "అమ్మాయ్, ఆయాసం..." అని. సాయంత్రం అమ్మ టిఫిన్ కట్టుకుంటూ చెప్పింది, రెండో బెడ్ పెద్దాయన మధ్యాహ్నం పోయాడట, ఫోనొచ్చిందని.

నేను నాలుగో బెడ్ ఒక్కటే తీసుకున్నాననుకున్నానే. కానీ అమ్మ ఒకటో బెడ్ నించి వరసగా అందర్నీ చదివింది కదా.

ఏంటి, మా ఇంటికొస్తావా? వద్దు. నేను ఇంట్లో లేను. నెట్ సెంటర్‌లో ఉన్నా, మూల క్యాబిన్. నలుగురు మనుషులుంటే వినపడదేమోనని పదిన్నరకి వచ్చేశా. అరగంట నించి నిజంగానే ఏమీ వినపడలేదు. టేబుల్ మీద తల పెట్టి నిద్రపోదామనుకున్నా.

పదకొండైంది. తొమ్మిదింటికి ఇంటికి రావాల్సిన అమ్మ నేను బయల్దేరేదాకా రాలేదు. వార్డుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తట్లేదు.

నాకు జ్వరమొస్తే అమ్మ "బుల్లితల్లీ" అంటుంది. ఇంకెవరికీ తెలీదు ఆ పేరు. నీక్కూడా చెప్పలేదు సిగ్గేసి.

ఇప్పుడే... నా వెనక...

"బుల్లితల్లీ... కొంచెం నీళ్ళే..."