ఎనిమిదో భాగంలో పదమూడో ఫారం

కళ్లద్దాల మీద ఎండిపోయిన బంక చుక్కను అమ్మాయి గోటితో మెల్లగా గీకి, తడిగుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. తండ్రి బుక్ బైండరు. ప్రెస్సులో రోజంతా బంకతోనే పని కాబట్టి సాయంత్రానికి ఆయన అద్దాలు చుక్కలు చుక్కలుగా తయారవుతాయి. పొద్దున్నే వాటిని తుడవడం ఏడో తరగతి నుంచీ అమ్మాయి పని. ఇప్పుడామెకు పదిహేడేళ్లు.

"అయిందా కెప్టెన్?" కుర్చీలోంచి తండ్రి చెయ్యి చాచాడు.

అద్దాలు పెట్టుకుని రెండుసార్లు రెప్పలాడించాడు. తీసి వెనక్కిచ్చాడు. "సరిగ్గా తుడవలేదే. మసగ్గానే ఉంది."

ఈ పొద్దున్నే అలా వెనక్కివ్వడం ఇది మూడోసారి. అద్దాల మీద మరకన్నది లేదు. నెల రోజులుగా ఆయన ఇలాగే అంటున్నా, అది తన బద్ధకమేననుకుంది. నిన్న సాయంత్రం దాకా అలాగే అనుకుంది.

'కెప్టెన్' అన్న పిలుపు 'ఏడు సూర్యుల నౌక'లోంచి వచ్చింది. తొమ్మిది భాగాల పెద్ద కథ అది. లైబ్రరీవాళ్లు చిరిగిపోయిన భాగాలను ఒక్కొక్కటిగా ప్రెస్సుకు పంపుతారు. వాటి చేతికుట్టు పని తండ్రి ఇంటికి తెచ్చుకుంటాడు. ముప్పై ఏళ్లలో వేల పుస్తకాలు కుట్టి ఒక్కటీ చదవని మనిషి, రెండేళ్ల కిందట మొదటి భాగం కుడుతూ కుడుతూ, సూది చేతిలో పట్టుకునే నలభై పేజీలు చదివేశాడు. అన్నం చల్లారిపోయింది. తల్లి కేకలేసింది. ఆయనకు వినపడలేదు.

అందులో నక్షత్రాల మధ్య తిరిగే ఇనుప నౌక ఉంది. దానికి గొట్టాలు, గేర్లు, నట్లు అన్నీ ఉన్నాయి గానీ, అది కదిలేది మాత్రం మంత్రంతో. నౌకలో ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు తమ భయాన్ని పైకి చెబితేనే ఇంజను తిరుగుతుంది. అబద్ధం చెబితే లోపలి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. "రాసినవాడికి మిషను పని తెలుసే!" అని తండ్రి మురిసిపోయేవాడు. అమ్మాయికి నచ్చింది మాత్రం ఆ భయాలు చెప్పుకోవడం. వాళ్లది జ్వరమొచ్చినా తగ్గాకే చెప్పుకునే ఇల్లు.

ఇద్దరికీ ఒక షరతుంది. తండ్రి ముందు చదవాలి, తర్వాత అమ్మాయి. జరగబోయేది ఒక్క ముక్క కూడా బయటపెట్టకూడదు. ఎనిమిదో భాగం ఇస్తూ మాత్రం, ఎప్పుడూ లేనిది, "నౌక భలే తప్పించుకుందిలే" అన్నాడాయన. నిన్న ఆమె చదవడం మొదలుపెడితే రెండో అధ్యాయంలోనే నౌక కాలి బూడిదైంది. సరేలే, ఆటపట్టించాడనుకుంది. నూట తొంభై రెండో పేజీ తిప్పేదాకా.

దాని పక్కన రెండొందల ఎనిమిదో పేజీ ఉంది, అదీ తలకిందులుగా. ఒకే కాగితాన్ని మడిచిన పదహారు పేజీల ఫారం మొత్తాన్ని తిరగేసి కుట్టేశాడు. అది పదమూడో ఫారం. కుట్టు ఒక్క నూలుపోగంత పక్కకు జరిగిందని పుస్తకం మొత్తం విప్పి మళ్లీ కుట్టే మనిషి చేసిన పని అది!

అప్పుడామెకు ప్రెస్సులో ఆయన చేసే రెండో పని గుర్తొచ్చింది. ఐదొందల కాగితాల బొత్తిని ఒక్క దెబ్బకు కోసే కటింగ్ మిషను. బొత్తిని బ్లేడు కిందికి తోసేది ఆయన చేతులే. ఇప్పుడు ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది.

"నాన్నా, వెళ్లేముందు ఒక్క పేరా చదివి పెట్టవా? నాకు అర్థం కాలేదు." ఆమె అద్దాలు మళ్లీ ఆయన చేతికిచ్చి, పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టింది.

"కాలేజీ చదువు నీది, నన్నడుగుతావేం?"

"ఒక్క పేరానే. కుడివైపు పేజీ, పైనుంచి."

తండ్రి పేజీ మీద వేలు పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "నౌక పైకప్పు మీద మంత్రగత్తె నిలబడింది. దూరంగా మూడో సూర్యుడు లేస్తున్నాడు. అప్పుడామె, ఓ పాత ఇనుమా, నాతో రా, అంది..."

గుక్క తిప్పుకోకుండా చదువుకుంటూ పోతున్నాడు. వేలు వరస తప్పకుండా కదులుతోంది. మాటలు కూడా అచ్చం పాత భాగాల్లోని మాటల్లాగే ఉన్నాయి. ఆయన వేలి కింద అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి.

వంటగది గుమ్మంలో, క్యారేజీ పట్టుకుని, తల్లి కదలకుండా నిలబడి ఉంది.

"నాన్నా..." అమ్మాయి అంది. "ఆ పేజీ తలకిందులుగా ఉంది."

వేలు ఆగింది.

"నాకే పరీక్ష పెడతావా!" తండ్రి పుస్తకం మూసి విసురుగా లేచాడు. "ముప్పై ఏళ్లు చేశాను ఈ పని. కళ్లు మూసుకుని కుడతాను నేను!"

"కుట్టావుగా. ఇదిగో, ఇలా."

"నోరు మూస్తావా లేదా?"

"కటింగ్ మిషను కూడా కళ్లు మూసుకునే నడుపుతున్నావా నాన్నా? చెప్పు. కొలబద్ద మీద అంకెలు కనిపిస్తున్నాయా నీకు?"

తండ్రి కుర్చీ చేతిని తడిమి పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

"వేళ్లతో కొలుస్తున్నా," అన్నాడు. "మూడు వారాలైంది."

"ఈ దిక్కుమాలిన పుస్తకాల వల్లే..." అంటూ తల్లి ముందుకొచ్చింది. క్యారేజీ బల్ల మీద పెట్టి, దారపుండల డబ్బా అడుగు నుంచి ఒక కాగితం తీసింది. అది ఒకసారి తడిసి ఆరినట్టు ముడతలు పడి ఉంది.

తల్లి లాండ్రీలో పని చేస్తుంది. ఎవరి బట్టలైనా జేబులు వెతక్కుండా నీళ్లలో వెయ్యదు. తన మొగుడి చొక్కా ఒక్కటే నెల కిందట అలా వేసేసి, తడిశాక చూసుకుంది. కళ్లజోళ్ల షాపతను రాసిచ్చిన చీటీ అది. 'అద్దాలతో సరిపోదు. కంటి ఆసుపత్రిలో వెంటనే చూపించండి.'

"నీకు తెలుసా?" తండ్రి, కూతురు ఒకేసారి అన్నారు.

"తెలుసు. ఉప్పు డబ్బా నెల్లాళ్లుగా ఉన్నచోటనే ఎందుకుంటోందనుకున్నారు? స్టూలు దారికడ్డం లేకుండా ఎవరు జరుపుతున్నారనుకున్నారు?" తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రోజూ సాయంత్రం మీరు చేతులు కడుక్కుంటుంటే పక్కన నిలబడి వేళ్లు లెక్కపెట్టుకుంటున్నానండీ. పది అయ్యాకే నాకు ఊపిరి ఆడుతోంది."

"మరి ఒక్కమాట అడగలేదేం?" అన్నాడు తండ్రి.

"అడిగితే నిజమైపోతుందని."

అమ్మాయి తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. పుస్తకంలో ఇలాంటిచోట ఎవరో ఒకరు ముందుకొచ్చి తమ భయం చెబుతారు. ఇక్కడెవరూ వచ్చేలా లేరు.

"నాకు భయంగా ఉంది నాన్నా," అంది. "నువ్వు ప్రెస్సుకు వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా, ఇక రోజూ భయపడుతూ నేను బతకలేను."

"నాకూ భయమేనండీ," అంది తల్లి.

తండ్రి అద్దాలు తీసి గుడ్డ మీద పెట్టాడు. అవి లేని ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది.

"డాక్టరు ఇక లాభం లేదంటే?" అన్నాడు. "చేతికి ఇంకో పని రాదు నాకు. పైగా తొమ్మిదో భాగం లైబ్రరీ నుంచి ఇంకా రానేలేదు. ఇంతదూరం ఆ నౌకవాళ్ల వెంట తిరిగి, చివరికి ఎక్కడ దిగారో చూడకుండానే... నవ్వకే!"

అమ్మాయి నవ్వుతూనే ఏడుస్తోంది. "ఎనిమిదోదే చదవలేదు, అప్పుడే తొమ్మిదోదా! నేను చదివి వినిపిస్తాను. రెండూను."

"షరతు ప్రకారం నేను ముందు కదా?"

"ఇద్దరం ఒకేసారి. నాకూ మిగతాది తెలీదుగా."

తండ్రి తల వంచుకున్నాడు. "నౌక నిజంగానే తప్పించుకుందా?"

"చెప్పను."

ఆయన లేచి, మేకుకు వేలాడుతున్న బంక మరకల ఏప్రన్ మీద ఒకసారి చెయ్యి వేసి, దాన్ని అక్కడే వదిలేశాడు. కాలితో వెతికి చెప్పులు తొడుక్కున్నాడు. ఆసుపత్రిలో చూపించడానికి తల్లి చీటీని సంచిలో పెట్టుకుంది. ఇన్నాళ్లూ ముట్టుకోనైనా ముట్టుకోని పుస్తకాన్ని బల్ల మీంచి తీసి, చీటీ పక్కనే పెట్టుకుంది.

తండ్రి గడప దాటి మొదటి మెట్టు మీద ఆగాడు. వెనక్కి తిరగకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు. తల్లి వెళ్లి ఆ చెయ్యి అందుకుంది. ఇద్దరూ మెట్టు తర్వాత మెట్టు దిగి వెళ్తుంటే, అమ్మాయి తలుపుకు తాళం వేసి వెనకే దిగింది.