చివరి వరుసలో ఆడగొంతు

యూనివర్సిటీలో ఫిజిక్సు వాళ్ల పాత లెక్చర్ హాలుందే — మెట్లు మెట్లుగా బల్లలుండేది — దాని చివరి వరుసలో చీకటి పడ్డాక ఎవరూ కూర్చోరు. కూర్చోమంటే నవ్వేసి ముందుకు జరుగుతారు. ఎందుకంటే, అక్కడ లైట్లు ఆర్పి సినిమా వేసినప్పుడు వెనక నుంచి ఒక ఆడమనిషి అడుగుతుందట...

"ఇంకా అవ్వలేదా... లైటు ఆర్పెయ్యనా?"

అప్పటికే హాలంతా చీకటి. ఇంకా ఏ లైటు ఆర్పుతుంది? అదీ భయం.

ఆ మాటకి బదులు చెప్పకూడదని ఒకరన్నారు. 'ఆర్పెయ్' అన్న ఒకడు ఆ ఏడు పరీక్ష తప్పాడని ఇంకొకరన్నారు. వాడు చదివి తప్పాడో చదవక తప్పాడో ఎవరూ అడగలేదు. నోట్లో నువ్వుగింజ నానని వయసు ఆ స్టూడెంట్లది. వారం తిరక్కుండా ఆ గొంతుకి తెల్లచీరా, విరబోసిన జుట్టూ కూడా వచ్చేశాయి. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ హాల్లో శనివారం శనివారం సినిమా వేసేది ఫిల్మ్ సొసైటీ వాళ్లు. టికెట్టు ఒక టీ ఖరీదు. అంత చవగ్గా దొరికే పరాయిదేశం సినిమాలకి తెర కింద అక్షరాలుండవు, ఆ భాషేమో ఎవరికీ రాదు. అందుకని సొసైటీకి ఒక పద్ధతుండేది. చివరి వరుసలో ఒకాయన, సినిమాతోపాటు వచ్చే ఇంగ్లీషు స్క్రిప్టు ముందే చదువుకుని, మైకు పట్టుకుని కూర్చుని, తెరమీదివాళ్లు మాట్లాడుతుంటే ఆ మాటల్ని తెలుగులో మెల్లగా చెప్తుండేవాడు. ముసలమ్మైనా, పసిపిల్లైనా, పోలీసైనా, దొంగైనా... అందరికీ ఆయనదే గొంతు. ఇరవై ఏళ్లు అలా చెప్పాడు. అందరూ ఆయన్ని మాటలాయన అనేవాళ్లు.

మాటలాయన పోయి ఎనిమిది నెలలైంది. ఒక మధ్యాహ్నం ఆఫీసు మెట్లమీద కాసేపు కూర్చుంటానన్నాడు, మళ్లీ లేవలేదు.

కానీ ఆయన ప్రతి సినిమానీ ముందురోజు ఇంట్లో సాధన చేసి రికార్డు చేసుకునేవాడు. వాటిలో నలభై దాకా మిగిలాయి. ఇప్పుడు ఆ సినిమాలే మళ్లీ వేస్తూ, మొదలవ్వగానే ఆపరేటర్ ఆ రికార్డింగు కూడా వేస్తున్నాడు. హాలు వెనక మూలల్లో ఉన్న స్పీకర్లలోంచి ఆయన మాట యథాప్రకారం వస్తుంది. దానికెవరూ భయపడలేదు. ఆయన గొంతు అందరికీ తెలిసిందే కదా. భయమంతా ఆ ఆడగొంతుతోనే.

మాటలాయన భార్య అదే యూనివర్సిటీలో, పరీక్షల విభాగంలో టైపిస్టు. ఆయన పోయిన రోజు ఆమె ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. ఆడపడుచు ముక్కున వేలేసుకుని, "మనిషివా రాయివా" అని నలుగురిలో అనేసింది. ఆమెకి కోపం కూడా రాలేదు. పొద్దున్నే లేచేది, మార్కుల జాబితాలు టైపు చేసేది, ఇంటికొచ్చి ఒక్కదానికే వండుకుని తినేది. కూరలో ఉప్పు మర్చిపోయిన రోజున కూడా ఆమెకి తేడా తెలిసేది కాదు.

ఒక్కటే గుచ్చేది. ఆయన గొంతు గుర్తుకు రావడం లేదు. మొహం వస్తోంది, నడక వస్తోంది, దగ్గు కూడా వస్తోంది... గొంతు రాదు. ఇరవై ఏళ్లలో ఒక్క సినిమాకీ ఆమె వెళ్లలేదు. "తెలియని భాషలో ఎవరెవరో ఏడుస్తుంటే నాకెందుకు" అనేది. ఇప్పుడు వెళ్దామంటే భయం. దెయ్యమంటే కాదు. తీరా ఆ గొంతు విన్నాక కూడా లోపల ఏమీ కదలకపోతే? ఆడపడుచు అన్నమాటే నిజమైపోతుంది.

అలా ఉండగా ఒకరోజు ఆపరేటరే ఆమె టేబులు దగ్గరికొచ్చాడు.

"వదినా, ఎనభైమంది వచ్చేచోట పదకొండుమంది వస్తున్నారు. ఇలాగైతే హాలు వేరే వాళ్లకిచ్చేస్తామని పైనుంచి అన్నారు. మీరొచ్చి ఆ చివరి వరుసలో కూర్చోండి. పెద్దవాళ్లు కూర్చుంటే పిల్లలకి ధైర్యం."

"ఆ గొంతు నువ్వు విన్నావా?"

"నాకెక్కడ వినపడుతుంది... అద్దాల గదిలో, మెషిను మోతలో ఉంటాను. అయినా ముప్పై ఏళ్లుగా మా ఇంటావిడ గొంతుకి అలవాటు పడ్డవాణ్ణి. దెయ్యం నన్నేం చేస్తుంది?"

ఆమెకి నవ్వు రాలేదు. వస్తానంది.

శనివారం ఏడింటికి వెళ్లి చివరి వరుసలో గోడవైపు కూర్చుంది. పక్కన ఒక హాస్టలు పిల్ల వచ్చి కూర్చుంది. ఆమె ఎవరో ఆ పిల్లకి తెలీదు. "స్నేహితులతో పందెం కాశానాంటీ. మీరున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి పారిపోయేదాన్నే" అంది.

లైట్లు ఆరిపోయాయి.

తెరమీద ఒక నది, ఒక పడవ, పడవవాడు, వాడి కూతురు. కూతురేదో అంది. వెంటనే వెనక మూలలోంచి — "నాన్నా, చలేస్తోంది."

ఆయన గొంతే.

ఆమె చెవులు రిక్కించుకుని వింది. అవును, ఇదే... కాస్త బొంగురు, మాట చివర కాస్త సాగదీత. ఇదే గొంతు. అంతే. ఇంకేమీ లేదు. ఎప్పుడో పోయిన గొడుగు దొరికితే ఉండేపాటి సంతోషం కూడా లేదు. పావుగంట చూసింది, అరగంట చూసింది. కళ్లు పొడిగానే ఉన్నాయి. 'అయితే రాయినే' అనుకుంది.

తెరమీద తండ్రీ కూతుళ్లిద్దరూ మాటలు మానేశారు. పడవ నెమ్మదిగా పోతోంది. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

అప్పుడు...

టప్... టప్... నీటిచుక్కలు.

నది చప్పుడు కాదది. వెనకనుంచి వస్తోంది.

పక్కపిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది.

తర్వాత చెప్పుల చప్పుడు. ఒక కాలు మామూలుగా, ఒక కాలు ఈడుస్తూ... దగ్గరికొచ్చి — ఆగింది.

"ఇంకా అవ్వలేదా... లైటు ఆర్పెయ్యనా?"

ఆమె ఒళ్లు జలదరించింది. ఎనిమిది నెలల్లో ఆ ఒంటికి ఏదైనా తెలియడం అదే మొదలు. ఆ గొంతులో పగ లేదు, బెదిరింపు లేదు. ఉత్త విసుగు. ఎవర్తో పాపం, బతికుండగా ఎంత విసిగిపోయిందో అనుకుంది.

చిటుక్కుమని స్విచ్చి చప్పుడైంది. చెప్పులు ఈడ్చుకుంటూ దూరమయ్యాయి. ముందు వరుసలో ఇద్దరు లేచి గబగబా బయటికెళ్లిపోయారు.

ఆ వెంటనే మాటలాయన గొంతు... బాగా తగ్గించి.

"లైటు పోతే పోనీ... నువ్వు వెళ్లకు. కాసేపు ఆ గుమ్మంలోనే నిలబడు. నువ్వక్కడుంటే నాకు మాటలు బాగా వస్తాయి."

మిగిలినవాళ్లంతా అది పడవవాడు కూతురితో అన్న మాటే అనుకున్నారు. ఆమె తెరవైపు చూసింది. ఇద్దరి పెదాలూ మూసుకునే ఉన్నాయి. చుట్టూ నీళ్లు. నది మధ్యలో గుమ్మమెక్కడిది?

గుమ్మం తన వంటింటిది. ఆ టప్ టప్ తన సింకు దగ్గరి కుళాయిది, ఎన్నిసార్లు బాగుచేయించినా కారేది. ఆ ఈడ్చే చెప్పూ తనదే, పట్టీ తెగినా పారెయ్యకుండా ఇంట్లో వేసుకుని తిరిగింది. రాత్రి బాగా పొద్దుపోయాక వంటింటి బల్లమీద సినిమా పెట్టుకుని ఆయన గొణుక్కుంటూ రికార్డు చేసుకునేవాడు. తను వెళ్లి గుమ్మంలో నిలబడి అడిగేది. ఆయన తలెత్తకపోతే లైటార్పేసి వెళ్లి పడుకునేది. తన గొంతు బయటినుంచి వింటే ఎలా ఉంటుందో ఆమెకి ఇన్నేళ్లలో తెలీదు. ఇంత విసుగ్గా ఉంటుందని అసలు తెలీదు.

ఆయన బదులు చెప్పాడన్నమాట. అప్పటికే తను మంచం ఎక్కేసి ఉంటుంది.

"ఆంటీ..." పక్కపిల్ల గుసగుసగా అంది. "విన్నారా... అది..."

"విన్నానమ్మా."

"ఎవరంటారు?"

"నేనే."

మణికట్టు మీద పట్టు ఒక్కో వేలూ సడలింది. ఆ పిల్ల లేచింది. ఆమెకి వీపు చూపించకుండా, బల్లలు తడుముకుంటూ, వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ దిగి, మొదటి వరుసలో అందరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. ఏమైందని వాళ్లడిగితే ఏదో చెప్పింది. వాళ్లంతా బిగుసుకుపోయారు.

తెరమీద పడవ ఒడ్డుకి చేరింది. "దిగమ్మా, జాగ్రత్త" అన్నాడు మాటలాయన, పడవవాడి తరఫున. కూతురు నవ్వుతూ దిగింది. ఏడవాల్సిందేమీ లేదక్కడ.

సరిగ్గా అప్పుడే చివరి వరుస చీకట్లోంచి ఒక ఆడమనిషి ఏడుపు వినపడింది. ముందు చిన్నగా... తర్వాత ఆపుకోలేనట్టు, గుండెలు అవిసేలా. సినిమా అయ్యేవరకూ అది ఆగలేదు. ముందున్నవాళ్లు ఒకరి చేతులొకరు పట్టుకుని తెరవైపే చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.