ఘోషకారం

టిఫిన్ సెంటర్‌లో ఇద్దరు మగవాళ్ళు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ఇద్దరి ప్లేట్లలోనూ ఉన్నది ఒకటే తెల్ల ముద్ద. ఊరంతా మూడు పూటలా తినేది అదే. ఇడ్లీ రుచైనా, పెసరట్టు రుచైనా చెవి వెనక అంటించుకున్న రుచిపట్టీ నుంచి నేరుగా మెదడుకు వస్తుంది. ఈమధ్య గుంటూరంతా పెట్టుకుంటున్న రుచి మాత్రం ఒక్కటే: ఘోషకారం.

"ఏంట్రా ఆ చూపు?"

"చూస్తే కరిగిపోతావా?"

కెజియా గుమ్మంలోనే ఆగిపోయింది. తిట్టుకునే ముందు ఇద్దరూ ఒకేలా దవడ బిగించి, ముక్కుతో పొడుగ్గా గాలి పీల్చారు. పక్క బల్ల దగ్గర ముసలావిడ కూడా అంతే, ఎదురుగా ఉన్న మనవరాలిని గుడ్లురిమి చూస్తూ. పాట ఎత్తుకునే ముందు కెజియా ఒక్కతే అలా పీలుస్తుంది.

ఆమె ఇంటికి పరుగెత్తింది. మిర్చి యార్డు కింద నేలమాళిగే ఆమె పాడే బ్యాండుకు వేదిక, కొత్త కాపురానికి ఇల్లు. గిటార్లు గర్జించే ఆ పాటలకు పైన అనుమతి లేదు. పెళ్ళికి వచ్చిన స్టీలు గిన్నెలు డ్రమ్ముల మీద బోర్లించి ఉండటం చూస్తే ఆమెకు రోజూ నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు.

డ్రమ్ములు వాయించే మొగుడు సాల్మన్ అన్నం వేళకు తెల్ల ముద్ద ముందు కూర్చున్నాడు.

"మన కారం రుచిని మిషన్లోకి ఎప్పుడు పట్టావు?" అంది.

ఘోషకారం అసలు వాళ్ళు జాడీలో ఊరబెట్టుకునే కారమే. పాటకు ముందు చెంచాడు నాకి, గుండెలోని కసినంతా కూడదీసుకోవడం వాళ్ళ ఆచారం. వినడానికి వచ్చినవాళ్ళు సీసాలు కొనుక్కుపోయారు. తర్వాత కంపెనీ వచ్చి ఆ రుచినే కొనుక్కుంది. తినేవాళ్ళ మెదడు నుంచి రుచిని పట్టే యంత్రాన్ని సాల్మన్ చేతికిచ్చింది.

"నువ్వు చెంచా నాకినప్పుడే. అప్పుడే కదా దాని అసలు మజా?"

"పిచ్చోడా! ఆ నిమిషంలో నాకు లోకాన్నే నమిలెయ్యాలనుంటుంది. పాట పాడితే అంతా దిగిపోతుంది. నువ్వు పాటకు ముందే మిషను ఆపేశావు!"

కంపెనీ ఆ రుచిని పరీక్షించింది. ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి. ఎదురుగా మనిషి ఉంటే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.

కెజియా అతని రుచిపట్టీ ఊడదీసి, జాడీలోని కారం నాలుక మీద రాసింది. సాల్మన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఉత్త కారమే," అన్నాడు. నాలుక తుడుచుకుని, "ఇందులో కోపం లేదు, కెజ్జీ. అంటే అది నీలోదే. ఆరోజు మిషను పట్టుకుని నీ ఎదురుగా నిలబడింది ఎవరు?"

"నీ మీద కాదయ్యా. ఎవరి మీదా కాదు."

"ఎవరి మీదా కాని కోపం అంతుంటుందా? రోజూ తింటున్నా నేను. నాకు తెలీదా?"

ఆమె గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఇన్నేళ్ళు పాడినా ఆ కోపానికి ఒక ముఖం ఉందో లేదో ఎన్నడూ వెతుక్కోలేదు.

సాల్మన్ పట్టీ మళ్ళీ అంటించుకున్నాడు. అది లేకపోతే ఆ ముద్ద మట్టి. ఒక ముద్ద మింగాడు. దవడ బిగుసుకుంది. కెజియా గభాల్న లేచి లైటు ఆర్పేసింది. ముఖం కనబడకపోతే కోపం ఎవరి మీదికి పోతుంది?

నేలమాళిగంతా చీకటి. నమలడం వినిపించింది. తర్వాత ముక్కుతో పొడుగ్గా పీల్చిన గాలి.

"లైటెయ్యి," అన్నాడు సాల్మన్. "నిన్ను చూడాలి."

ఆమె చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది.