రుచి చూడని సూప్

తెల్లవారగానే ఆమె క్యారెట్లు, బీన్స్, బంగాళాదుంపలు పెద్ద పెద్ద ముక్కలుగా కోసి, సన్నటి వేడితో రోజంతా ఉడికించే కరెంటు స్లో కుక్కర్‌లో వేసి, నీళ్ళు పోసి మూత పెట్టింది. దాని మీటను మొదటి గుర్తు దగ్గరికి తిప్పి చేతులు దులుపుకుంది. మందుల ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ ఆమె ఉద్యోగం. సీసా మీద చీటీ వెంట్రుకవాసి వంకరగా ఉన్నా సరుకంతా వెనక్కి పంపే మనిషి. తాను చేసినదాన్ని మాత్రం తిరిగి చూసుకునే అలవాటు ఆమెకు లేదు.

“నిన్న మళ్ళీ ముక్కలన్నీ వదిలేశావేంటమ్మా?”

బల్ల చివర కూర్చున్న తల్లి తలెత్తింది. “నమలలేకపోయానే.”

“పొద్దస్తమానం ఉడికినవి నమిలేదేంటి? నోట్లో వేసుకుంటే కరిగిపోవాలి. పళ్ళు ఊడాయి గానీ పెంకితనం ఊడలేదు నీకు.”

“ఉడకట్లేదని మొదట్లోనే చెప్పాను కదే...”

“మెషీన్ అబద్ధమాడుతుందా? నీ నోరే చెడింది. నేను చిన్నప్పుడు కంచంలో వదిలేస్తే ఊరుకున్నావా? నువ్వు వదిలితే రాత్రికీ అవే, అంతే.”

తల్లి స్టవ్ వైపు చూసింది. పాలు పొయ్యి మీద మరిచిపోయి ఆవిడ నిద్రపోయిన రోజు నుంచి స్టవ్ లైటర్ కూతురి హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటోంది. ఈ రెండు నెలల్లో ఆవిడ స్వెట్టరు భుజాల మీద వేలాడసాగింది. వయసు, అనుకుని సరిపెట్టుకుంది కూతురు.

ముందురోజు జ్ఞానదంతం తీయించుకున్న భర్త, బుగ్గ బంతిలా వాచి, గుమ్మంలో నిలబడ్డాడు.

“మీకూ ఇవాళ సూపేనండీ. డాక్టరు మెత్తటివే తినమన్నాడుగా,” అని ఆమె వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. రెండింటిలోనూ ముక్కలు అలాగే ఉన్నాయి.

“బాగుంది! అత్తా అల్లుడూ కూడబలుక్కున్నారా?”

“కూర్చో. నువ్వూ తిను,” అన్నాడు భర్త ముద్దముద్దగా.

“ఇప్పుడే వచ్చాను, కాస్త...”

“తినమన్నానా!”

ఆయన ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఆమె చెంచా అందుకుని క్యారెట్ ముక్క కొరికింది. ఆ చప్పుడు గదంతా వినిపించింది. బంగాళాదుంప పచ్చివాసన వేసింది. ఉప్పు లేదు.

“నువ్వు మీట తిప్పే గుర్తు వండటానికి కాదు, వండినదాన్ని వెచ్చగా ఉంచడానికి. దాని పక్కనే రాసుంది. నువ్వు చదవలేదు. అదే బల్ల దగ్గర కూర్చుని నేనూ చూడలేదు. అత్తయ్యగారు రెండు నెలలుగా గోరువెచ్చటి నీళ్ళతో బతుకుతున్నారు.”

“మరి ఎందుకు చెప్పలేదమ్మా?” ఆమెది ఇంకా నిలదీసే గొంతే.

“చెప్పాను. నోరు చెడిందన్నావు. నిజమేనేమో అనుకున్నాను. రాత్రుళ్ళు ఆకలేస్తే అదీ వయసేననుకున్నాను.” తల్లి గిన్నెను ఆమె వైపు మెల్లగా జరిపింది. “నీకు పళ్ళున్నాయిగా. తిను తల్లీ, వదలకు.”

ఆమె తినబోయింది. రెండో ముక్క చెంచాలోనే ఉండిపోయింది. గిన్నె మీదికి తల వాల్చి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. చాలాసేపటికి లేచి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లైటర్ తీసి తల్లి అరచేతిలో పెట్టింది.

తల్లి స్టవ్ వెలిగించింది. ఆ ముక్కలనే చిన్నగా తరిగి, మెత్తబడేదాకా ఉడికించి, మెదిపి, ఉప్పు వేసింది. ఒక చెంచా తీసి, ఊది, కూతురి నోటి దగ్గర పెట్టింది.

“ముందు నువ్వు తినమ్మా... ఆకలితో ఉన్నావు.”

“ఉప్పు చూసి చెప్పు. రుచి చూడకుండా నేనెవరికీ పెట్టను.”

ఆ మాటలో కోపం లేదు. ఉండుంటే కూతురు తట్టుకునేది. ఆమె నోరు తెరిచింది.