ఎర్ర కౌంటర్, నీలం కౌంటర్

ఆ అమ్మాయి నేరుగా వచ్చి అతని చేతిలోంచి రిమోట్ లాక్కుంది. అతని టీవీలో హోరెత్తుతున్న జలపాతం సౌండ్ సగానికి సగం తగ్గించింది. తగ్గించాక రిమోట్‌ని మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది.

"మీ జలపాతం మా చేపల్ని ముంచేస్తోందండి. కస్టమర్‌కి నా మాట వినపడట్లేదు," అంది.

"చేపలకి నీళ్ళంటే భయమా అండీ?" అన్నాడు అతను.

ఆమె నవ్వలేదు. వెనక్కి తిరిగి, ఆరడుగులు నడిచి, తన కౌంటర్‌లో చేపలు ఈదుతున్న టీవీ వైపు మొహం పెట్టి నిలబడింది. నవ్వు ఆపుకోలేక అలా తిరిగిందని అతనికి తెలియడానికి రెండు నెలలు పట్టింది.

అదొక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో మొదటి అంతస్తు. అప్పట్లో హై డెఫినిషన్ సినిమాలు కొత్తగా ఇళ్ళకి వస్తున్నాయి. వచ్చేవేవో ఒకే రకంగా వస్తే ఏ గొడవా ఉండకపోను. కంపెనీలు రెండు జట్లుగా చీలి, రెండు రకాల డిస్కులు తయారుచేసి, మాది గొప్పంటే మాది గొప్పని పంతానికి పోయాయి. ఒక జట్టు డిస్కు ఇంకో జట్టు ప్లేయర్‌లో పెడితే ఆడదు. ఒకరివి ఎర్ర డబ్బాల్లో వచ్చేవి, ఇంకొకరివి నీలం డబ్బాల్లో. షోరూమ్ యజమాని గట్టివాడు. ఎటూ మొగ్గకుండా రెండు కౌంటర్లు ఎదురెదురుగా పెట్టించి, మీ మనుషుల్ని మీరే నిలబెట్టుకోండని చేతులు దులుపుకున్నాడు.

అలా ఎర్ర టీషర్ట్ వేసుకుని అతను, నీలం టీషర్ట్ వేసుకుని ఆమె ఒకరికెదురుగా ఒకరు పడ్డారు. ఫ్లోర్ మేనేజర్‌కి పేర్లు గుర్తుండవు. "ఏమయ్యా ఎర్రబ్బాయ్", "అమ్మా నీలమ్మాయ్" అని పిలిచేవాడు. వారం తిరిగేసరికి క్యాషియర్ దగ్గర్నుంచి లిఫ్ట్ దగ్గర కూర్చునే పెద్దాయన దాకా అందరికీ అవే పేర్లయ్యాయి.

సౌండ్ గొడవ మర్నాటికల్లా తీరిపోయింది. ఆమె దగ్గర కస్టమర్ నిలబడితే అతను జలపాతం నోరు మూసేవాడు. అతని దగ్గర నిలబడితే ఆమె చేపల్ని మూగవి చేసేది. ఎవరూ లేనప్పుడు రెండూ మూగగా ఆడేవి. ఆ తెరల మీద కన్నా తెరల మధ్య ఖాళీలో చూపులు ఎక్కువ తిరిగేవి. పట్టుబడినప్పుడల్లా ఇద్దరూ డబ్బాల మీద లేని దుమ్ము తుడిచేవాళ్ళు.

అక్కడ ఇంకో పద్ధతి ఉంది. కౌంటర్ ఖాళీగా ఉండకూడదు. ఒకరు భోజనానికి వెళ్తే ఎదుటివాళ్ళు రెండు కౌంటర్లూ చూసుకోవాలి. అంటే ఆమె తినొచ్చే అరగంటా నీలం గొప్పలు అతను చెప్పాలి, అతను తినొచ్చే అరగంటా ఎర్ర గొప్పలు ఆమె చెప్పాలి. ఒకరి పాఠం ఇంకొకరికి కంఠతా వచ్చేసింది.

ఒకరోజు ఆమె తినొచ్చేసరికి అతను నీలం ప్లేయర్ ఒకటి అమ్మేసి, బిల్లు మీద ఆమె కౌంటర్ ముద్ర కొట్టి పెట్టాడు.

"మీకేమైనా పిచ్చా?" అంది.

"ఆయన దగ్గర ఇప్పటికే నాలుగు నీలం డిస్కులున్నాయిటండి. ఎర్రది అంటగడితే ఇంటికెళ్ళి ఏం చేసుకుంటాడు?"

"ఎర్రది కొంటే ఎర్ర డిస్కులు కొనుక్కుంటాడు. మీ కంపెనీ మీకు నేర్పలేదా?"

"నేర్పింది. నాకే సరిగ్గా రాలేదు."

ఆరోజు ఆమె ఆ బిల్లు వైపు కాసేపు, అతని వైపు కాసేపు చూసి, ఏమీ అనకుండా తన కౌంటర్‌కి వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంటికెళ్ళి మాత్రం చాలా అంది. వినడానికి వాళ్ళ నాన్న ఉన్నాడు. ఆ సంగతి మన ఎర్రబ్బాయికి తెలియదు.

ఆ నెల మొదట్లో ఎర్ర కంపెనీ ఏరియా మేనేజర్ వచ్చి కబురు చెప్పి పోయాడు. నెలాఖరుకి పది ప్లేయర్లు అమ్మిన చోట కౌంటర్ ఉంటుంది. అమ్మని చోట తీసేస్తారు. మనిషిని రైల్లో అయిదు గంటల దూరంలో ఉన్న గోడౌన్‌కి పంపిస్తారు.

నాలుగో వారం మొదలయ్యేసరికి అతనివి తొమ్మిదయ్యాయి. ఆ తొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది. అతనికి గోడౌన్ అంటే భయం లేదు. అక్కడ ఎదురుగా చేపలుండవు, ఆ చేపల పక్కన ఆ అమ్మాయుండదు. అదే దిగులు. ఆ దిగులు ఎవరికీ చెప్పుకోలేక, ఎదురు కౌంటర్‌కి మాత్రం "ఇంకొక్కటే అండీ" అని నవ్వుతూ చెప్పాడు.

"ఒక్కటేగా, అయిపోతుంది లెండి," అంది ఆమె. నవ్వలేదు.

మర్నాడు ఒక పెద్దమనిషి మొదటిసారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతి గడియారాలు బాగుచేసే పని. ఏ వస్తువునైనా ముందు వెనక్కి తిప్పి మరలు చూస్తాడు.

"ఇందులో ఉన్న సినిమా అందులో వేస్తే ఆడదా బాబూ?"

"ఆడదండి."

"ఎందుకాడదు? రెండూ గుండ్రంగానే ఉన్నాయిగా?"

"వాళ్ళకీ వీళ్ళకీ పడదండి."

"వాళ్ళకి పడకపోతే మధ్యలో నేనేం చెయ్యాలి?"

"ఎవరో ఒకరి వైపు ఉండాలండి."

"ఉన్నాను. రేపు మనవైపు వాళ్ళు చేతులెత్తేస్తే?"

"అది మాకూ తెలియదండి," అన్నాడు అతను. పెద్దాయన తలాడించి, ఎదురు కౌంటర్‌కి వెళ్ళి అవే ప్రశ్నలు అడిగాడు. నీలమ్మాయి "సార్, సార్" అంటూ బోర్డు చూసి చదివినట్టు గడగడా సమాధానాలు చెప్పింది.

ఇలా మూడు రోజులు వచ్చాడు. ప్లేయర్ మూత తీసి చూపించమన్నాడు. డిస్కు గీతలు పడితే ఏమవుతుందన్నాడు. కరెంటు పోతే సినిమా ఎక్కడ ఆగుతుందన్నాడు. మధ్యలో సంబంధం లేకుండా "మీదేవూరు? అమ్మానాన్నా ఏం చేస్తారు?" అని కూడా అడిగాడు. నాన్న బస్సు కండక్టర్‌గా చేసి మానేశారని, అమ్మ బట్టలు కుడుతుందని అతను చెప్పాడు. పెద్దవాళ్ళు అలాగే అడుగుతారనుకున్నాడు పిచ్చి మారాజు.

నాలుగో రోజు పెద్దాయన మెట్లెక్కి వస్తూండగానే నీలమ్మాయి పర్సు తీసుకుంది.

"నేను టీ తాగొస్తాను. రెండూ చూసుకోండి."

"ఇప్పుడేగా తాగొచ్చారు?"

"మళ్ళీ తాగాలనిపించింది. మీకేం?" అని వెళ్ళిపోయింది.

పెద్దాయన ఈసారి ఏమీ తిప్పి చూడలేదు. "ఎర్రదే ఇచ్చెయ్ బాబూ. బిల్లు రాసెయ్," అన్నాడు.

అతని గుండె ఎగిరి గంతేసింది. పదోది! పుస్తకం తీసి గబగబా రాయడం మొదలుపెట్టాడు. ఆ కాగితం అడుగున ఇంట్లో టీవీ ఏ రకమో రాసే గడి ఒకటి ఉంటుంది, ఏ వైరు పంపాలో తెలియడానికి. ఇన్నాళ్ళూ జలపాతాలూ చేపలూ చూపించారు గానీ, ఆ గడిలో రాయాల్సింది ఆయన్ని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

"మీ ఇంట్లో టీవీ ఏదండీ?"

"ఉందయ్యా, పాతది. వెనకాల ఇంత పొట్ట. పైన మా ఆవిడ పూలకుండీ పెడుతుంది."

కలం ఆగిపోయింది.

రాసెయ్యొచ్చు. ఆయనే అడిగాడు, ఆయనే కొంటున్నాడు. తప్పేముంది? అతను ఎదురుగా ఖాళీగా ఉన్న నీలం కౌంటర్ వైపు చూశాడు. చేపలు మూగగా తిరుగుతున్నాయి. ఈ కాగితం చింపితే వచ్చే నెల వాటిని చూడడు. ఆమెనీ చూడడు. నాలుగు రోజులు మెట్లెక్కి వచ్చిన మనిషి, పెట్టె మోసుకుని ఇంటికెళ్ళి, వైర్లు తగిలించి, భార్యని పిలిచి కూర్చోబెట్టి, "ఏదీ తేడా?" అని తెరకేసి చూడడం కళ్ళముందు కనిపించింది.

బిల్లు చింపేశాడు.

"వద్దండి. ఆ టీవీకి ఎర్రది తగిలించినా, నీలంది తగిలించినా బొమ్మ ఇప్పుడున్నట్టే ఉంటుంది. ముందు టీవీ మార్చాలి. తొందరేం లేదు. మార్చేనాటికి ఈ రెండిట్లో ఏది నిలబడుతుందో కూడా తేలిపోతుంది. అప్పుడు కొనుక్కోండి. మొదటిరోజే అడగాల్సింది, అడగలేదు. మా తప్పే."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకొక్కటి అమ్మితే నీ కౌంటర్ ఉంటుందటగా?"

"మీకెవరు చెప్పారండీ?"

ఆయన దగ్గాడు. "ఎవరో అనుకుంటుంటే వినపడిందిలే," అని అతని భుజం తట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నీలమ్మాయి రెండు నిమిషాల్లో వచ్చింది. రెండో టీ ఆమె తాగినట్టు లేదు.

"అయిందా? బిల్లు రాశారా?"

"లేదండి. ఆయనది పాత టీవీ. కొనొద్దని చెప్పి పంపేశాను."

ఆమె మొహం ఎర్ర టీషర్ట్ కన్నా ఎర్రబడింది.

"నీకసలు బుద్ధుందా?"

రెండు నెలల "మీరు" ఒక్క దెబ్బకి ఎగిరిపోయింది. ఆ సంగతి ఇద్దరిలో అతను ఒక్కడే గమనించాడు.

"కొంటానన్న మనిషిని కొనొద్దంటావా? నాలుగు రోజులు బతిమాలి పంపించాను ఆయన్ని! మనిషిని చూడకుండా, వస్తువు చూడకుండా కొననని ఒకటే పేచీ. ఇవాళ ఒప్పుకుని వస్తే నువ్వేమో..."

"మీరు పంపించారా? ఆయనెవరు?"

"మా నాన్న!"

అతను మెట్ల వైపు ఓసారి చూసి, "మరి ఇంట్లో టీవీ పాతదని తెలుసుగా?" అన్నాడు.

"తెలియకేం? దాని మీద దుమ్ము తుడిచేది నేనే."

"తెలిసి, పనికిరానిది ఎందుకు కొనిపిస్తున్నారు?"

"నువ్వు ఇక్కడే ఉంటావని!"

ఆ మాట అనేశాక ఆమెకి తను ఏమన్నదో వినపడింది. నీలం డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. అతను ఆరడుగులూ నడిచి వెళ్ళి ఆ డబ్బా మెల్లిగా పక్కన పెట్టాడు.

"నాకూ ఉండాలనే ఉంది. పదోది అమ్మాలన్న ఆశంతా నీ కోసమే," అన్నాడు. అతని "మీరు" కూడా అక్కడితో సరి.

"అయితే రేపు మళ్ళీ పంపిస్తాను. నోరు మూసుకుని బిల్లు రాయి."

"ఇంకెవరి నాన్నో అనుకున్నప్పుడే చెయ్యాడలేదు. మీ నాన్నగారని తెలిశాక రాయగలనా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పెదాల మీద నవ్వొచ్చింది. అప్పుడే అటుగా వచ్చిన ఫ్లోర్ మేనేజర్ "ఏమిటి, రెండు కౌంటర్లూ ఒక్కటైపోయాయా?" అని, సమాధానం కోసం చూడకుండా ఫోన్‌లో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

పదో ప్లేయర్ అమ్ముడుపోలేదు. నెలాఖరున ఇద్దరు మనుషులు వచ్చి ఎర్ర కౌంటర్ మరలు విప్పుకుని పోయారు. సోమవారం గోడౌన్‌లో చేరాలని కాగితం వచ్చింది. ఆదివారం పొద్దున ఆమె ఫోన్ చేసి, "నాన్న ఇంటికి రమ్మంటున్నారు. ఎందుకో చెప్పట్లేదు," అని అడ్రస్ ఇచ్చింది.

దారిలో వాన పట్టుకుంది. గొడుగు తెచ్చుకునే తెలివి లేక, అతను వాళ్ళ గుమ్మం ముందుకి వచ్చేసరికి నిలువునా తడిసిపోయాడు. తలుపు తీసింది వాళ్ళ అమ్మ. వెనకాలే నాన్న వచ్చాడు. ఆ వెనక తలుపు పక్కన ఆమె, ఇంట్లో కట్టుకునే మామూలు బట్టల్లో. నీలం రంగు లేకుండా ఆమెను చూడడం అతనికి అదే మొదలు.

"ఈ అబ్బాయేనా?" అంది వాళ్ళ అమ్మ, నీళ్ళు కారుతున్న అతన్ని పైనుంచి కిందిదాకా చూస్తూ. "ఉన్న కౌంటర్ పోయింది. రేపట్నుంచి ఎక్కడో గోడౌన్. ఏం చూసి ఈ సంబంధం ఒప్పుకోమంటారండీ?"

అతను తల వంచుకున్నాడు. ఆవిడ అడిగినదాంట్లో అతనికి తప్పేమీ కనిపించలేదు.

"నలభై ఏళ్ళుగా షాపు నడుపుతున్నాను," అన్నాడు గడియారాల పెద్దాయన తాపీగా. "నాకు అమ్మడానికి వచ్చినవాళ్ళని లెక్కలేనంతమందిని చూశాను. కొంటానంటే వద్దన్నవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను. అది కూడా మన పిల్లకి దూరమవుతానని తెలిసి వద్దన్నాడు. ఇలాంటివాడు దానికి అబద్ధం చెప్పడు. నాకది చాలు. ఉద్యోగందేముంది, ఇవాళ గోడౌన్, రేపు ఇంకోటి."

వాళ్ళ అమ్మ భర్తని చూసింది. కూతుర్ని చూసింది. కూతురు ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"అయిదు గంటలేగా ప్రయాణం. ఆదివారం ఆదివారం రావచ్చుగా?" అంది చివరికి, అతనితో.

"వస్తానండి," అన్నాడు అతను.

"అండీ గిండీ తర్వాత. ముందు లోపలికి రా నాయనా, వణికిపోతున్నావు. ఏమే, అలా చూస్తూ నిలబడతావేం? తువ్వాలు తీసుకురా!"

ఆమె లోపలికి పరుగెత్తింది.