ఏజెంట్ ఆమోసు కోపం

పొద్దున్నే రైల్వే ఊళ్లో పూరీ గేట్ దగ్గర కుర్ర ఏజెంట్ తిమోతిని కాల్చి చంపారు. సైలెన్సర్ పిస్టల్. ఒకటే గుండు, వెనకనుంచి.

1971 యుద్ధం మొదలైన వారం అది. చీఫ్ నగరేశ్వరరావు కలకత్తానుంచి దిగి బ్రీఫింగ్ ఇచ్చాడు. సాయంత్రం మందుగుండుతో మిలిటరీ స్పెషల్ రైలు నిమ్‌పురా యార్డు దాటుతుంది. దాన్ని పేల్చడానికి విదేశీ ముఠా ఒకణ్ణి పంపింది. కోడ్‌నేమ్ కొంగ. వాణ్ణి ప్రాణాలతో పట్టుకోవాలి. మిషన్ లీడర్ ఏజెంట్ ఆమోసు.

ఆమోసుకి ఒళ్లు మండిపోతోంది. తిమోతికి పని నేర్పింది తనే. జట్టంతా చూస్తుండగానే సూసన్న మీద విరుచుకుపడ్డాడు. క్లబ్బులో పాటలు పాడే ఆ అందగత్తె, ముఠా మనిషిగా నటిస్తూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు అందించే డబుల్ ఏజెంట్. తిమోతిని పట్టించింది నువ్వేనన్నాడు. ఆమె ఏదో చెప్పబోతే బయటికి పొమ్మన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

వైర్‌లెస్ చూసే తీతు హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టాడు.

"సూసన్న ఏటో సెప్పబోయింది అన్నా. మీరు సెప్పనివ్వలేదు. ఇంక మాలో ఎవరు నోరిప్పుతారు?"

అతని మీదా ఎగరబోయి ఆమోసు ఆగాడు. గదిలో ఒక్కరూ తనవైపు చూడటం లేదు. జీపెక్కి ఝపటాపూర్‌లో ఆమె ఇంటికి వెళ్లాడు.

సూసన్న తలుపు సగమే తీసింది.

"నా కోపమంతా నీ మీద కక్కినాను. తప్పు నాది. ఏటి సెప్పబోయినావు?"

"తిమోతి నాకూ తమ్ముడే," అందామె. "క్షమించినాననుకోకండి. పని కోసం సెప్తన్నాను."

కొంగ రైలు గార్డు వేషంలో యార్డుకి వస్తాడట. చేతిలాంతరులో రేడియో స్విచ్. నొక్కిపట్టిన బొత్తాం వదిలితే, యార్డులో నిలిపి ఉన్న, సుద్దగుర్తు వేసిన వ్యాగన్ కింద బాంబు పేలుతుంది. ఆ వ్యాగన్ పక్క లైనులో పట్టాలు వేసే ఖలాసీలు పనిలో ఉంటారు.

ఆమోసు పని పంచాడు. కొంగను మాటల్లో పెట్టడం తన వంతు. బాంబు సంగతి తీతు, సూసన్నలది. బాంబు పని అయిందని వాళ్లు పచ్చజెండా ఊపేదాకా కాల్చనని మాటిచ్చాడు.

యార్డులో పిస్టల్ చూసినా కొంగ బెదరలేదు. బొటనవేలు బొత్తాం మీదే ఉంది. స్పెషల్ కోసం చూస్తున్నాడు.

"నీ మనిషి పడిపోతూ నీ పేరే పిలిచాడు," అన్నాడు హిందీలో, నవ్వుతూ.

ఆమోసు కళ్లు ఎరుపెక్కాయి. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. దూరంగా ఖలాసీలు పట్టాలు మోస్తున్నారు. పళ్లు కొరుక్కుని పిస్టల్ దించాడు. తిమోతి ఇంకేం అన్నాడని అడిగాడు. వాడు చెప్పిన ప్రతి మాటా కదలకుండా విన్నాడు. జట్టును నమ్మడం తప్ప చేసేదేమీ లేదు.

స్పెషల్ ఇంజను కూత వేస్తూ సుద్దగుర్తు వ్యాగన్ పక్కకి వచ్చింది. కొంగ వేలు లేవబోతుండగా వ్యాగన్ చాటునుంచి పచ్చజెండా ఊగింది. తీతు తెగ్గొట్టిన వైరు సూసన్న చేతిలో ఉంది.

కొంగ వేలు ఎత్తాడు. ఏమీ జరగలేదు. స్పెషల్ దడదడమంటూ దాటిపోయింది.

బందీకి ముందుపళ్లు రెండు ఎందుకు లేవని చీఫ్ అడిగాడు.

"కోపం అణుచుకోవడం ఇవాళే మొదలెట్టినాను సార్," అన్నాడు ఆమోసు. "ఇంకా ట్రైనింగ్‌లోనే ఉన్నాను."